ఇంటి టేబుల్ లైటును బ్యాటరీ దీపంగా మార్చడం

8.0 ఉద్దేశం

ఈ యూనిట్ పూర్తిచేసిన తర్వాత మీరు ఒక దీపానికి ఒక రాత్రికి ఎంత శక్తి కావాలో వాట్-గంటల్లో లెక్కకట్టగలుగుతారు. ఆ లెక్కకు తగిన బ్యాటరీని ఎన్నుకోగలుగుతారు. 230 వోల్టుల మీద నడిచే టేబుల్ లైటును 12 వోల్టుల బ్యాటరీ మీద, ప్రమాదం లేకుండా నడిచేటట్టు మార్చగలుగుతారు. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం కిందటి యూనిట్‌లో చదివారు. మల్టీమీటరు వాడడం ప్రయోగ తరగతిలో నేర్చుకున్నారు. ఈ యూనిట్‌కు అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

8.1 ఎందుకీ లెక్క?

గోదావరి డెల్టాలో కరెంటు పోవడం రెండు రకాలు. గంటో రెండు గంటలో పోయి వచ్చేది ఒకటి. దానికి కొవ్వొత్తి చాలు, సెల్‌ఫోన్ లైటైనా చాలు. రెండోది రోజుల తరబడి పోయేది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమలో కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. కూలిన కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. తుపానే రానక్కరలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లలో మునిగిన ఊరికి కరెంటు ఇవ్వడమే ప్రమాదం కాబట్టి, లైన్లు బాగానే ఉన్నా అలాంటి చోట సరఫరా ఆపివేస్తారు.

ఇలాంటి రాత్రుల్లో దీపం అంటే చదువుకోవడానికి మాత్రమే కాదు. వరద నీటితోపాటు పాములు ఇళ్లలోకి వస్తాయి. ముసలివాళ్లు చీకట్లో లేవాల్సి వస్తుంది. మొదటి రాత్రి దీపం అందరి ఇళ్లలోనూ ఏదో ఒకటి వెలుగుతుంది. మూడో రాత్రి వెలుగుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు బ్యాటరీ పెద్దదా చిన్నదా అన్నదాని కంటే, బ్యాటరీకీ వెలుగుకూ మధ్య మనం ఎన్ని మార్పిడులు పెట్టామన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ యూనిట్‌లో ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఈ యూనిట్ అంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో ఇనుప డిప్ప ఉన్న పాత టేబుల్ లైటు ఒకటి ఉంది. దాన్ని రాత్రికి 5 గంటల చొప్పున మూడు రాత్రులు కరెంటు లేకుండా వెలిగించాలి.

8.2 ఎంత వెలుగు కావాలి?

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. "ఇప్పుడు 9 వాట్ల బల్బు ఉంది కాబట్టి 9 వాట్లు కావాలి" అని మొదలుపెడతారు. వాట్ అన్నది దీపం తీసుకునే శక్తి రేటు. మనకు కావలసినది వెలుగు. దాని కొలత ల్యూమెన్. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది, అంటే వాట్‌కు 12 చొప్పున. మిగిలినదంతా వేడి. ఇప్పటి ఎల్ఈడీ బల్బు వాట్‌కు 100 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. కిరసనాయిలు బుడ్డి దీపం ఇచ్చేది ఇంచుమించు 10 ల్యూమెన్లు, అదీ నాలుగు వైపులకూ పోతుంది.

గదంతా వెలిగించే బల్బుకు 900 ల్యూమెన్లు కావచ్చు. పుస్తకం మీద పడే వెలుగుకు అంత అక్కరలేదు. ఒక తలం మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తాం. చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. చదవడానికి 300 లక్స్ ఉంటే మంచిదని సాధారణంగా చెబుతారు. 60 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బల్ల వైశాల్యం 0.3 చదరపు మీటరు. దానికి 300 లక్స్ కావాలంటే 300 × 0.3 = 90 ల్యూమెన్లు బల్ల మీద పడాలి. డిప్ప లోపల సగం పోయిందని అనుకున్నా, దీపం 180 ల్యూమెన్లు ఇస్తే సరిపోతుంది. గుండ్రంగా 200 అనుకుందాం. మామూలు ఎల్ఈడీతో ఇది 3 వాట్ల పని. 9 వాట్లతో మొదలుపెట్టినవారు మూడు రెట్లు పెద్ద బ్యాటరీ కొంటారు.

బల్బు మార్పు ఎంత తేడా తెస్తుందో పశ్చిమ గోదావరి వాసులకు తెలియని విషయం కాదు. 2014లో ఎల్ఈడీ బల్బుల పంపిణీ పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టినప్పుడు తొలివిడతగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. మిగిలినవి గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం. ఇంటికి 7 వాట్ల బల్బులు రెండు, ఒక్కొక్కటి 10 రూపాయలకు, పాత ఫిలమెంటు బల్బులు తీసుకుని ఇచ్చారు. నీలి ఎల్ఈడీని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. నీలి ఎల్ఈడీ లేకపోతే ఇప్పటి తెల్ల ఎల్ఈడీ లేదు. అది లేకపోతే బ్యాటరీ మీద రాత్రంతా దీపం అనే మాట సామాన్యుడి ఇంట్లో వినిపించేది కాదు. 60 వాట్ల ఫిలమెంటు బల్బును 5 గంటలు వెలిగించడానికి 300 వాట్-గంటలు కావాలి. మన 3 వాట్ల దీపానికి 15 చాలు.

కాబట్టి మన ఇంటి లెక్క: 3 వాట్లు × 5 గంటలు × 3 రాత్రులు = 45 వాట్-గంటలు. ఈ అంకెను గుర్తుంచుకోండి.

8.3 దీపాన్ని మార్చే దారులు

మొదటి దారి చాలా సులువైనది. ఉన్న బల్బు తీసి "ఇన్వర్టర్ బల్బు" పెట్టడం. దీని లోపలే చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. మామూలు పిన్ హోల్డరులోనే సరిపోతుంది, తీగలు ముట్టుకోనక్కరలేదు. గంట రెండు గంటల కోతకు దీన్ని మించినది లేదు. కానీ లెక్క చూడండి. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులు, 2,200 మిల్లీ ఆంపియర్-గంటలు అనుకుంటే దానిలోని శక్తి 3.7 × 2.2 = 8.1 వాట్-గంటలు. పెట్టె మీద "9 వాట్లు", "4 గంటలు" అని రెండూ రాసి ఉంటాయి. 9 వాట్లు 4 గంటలు నడవాలంటే 36 వాట్-గంటలు కావాలి. 8.1 వాట్-గంటలతో 4 గంటలు నడిస్తే దీపానికి అందేది రెండు వాట్లే. అంటే 9 వాట్లు కరెంటు ఉన్నప్పటి మాట, 4 గంటలు కరెంటు పోయాక మసకగా వెలిగేటప్పటి మాట. రెండూ నిజమే, రెండూ ఒకేసారి నిజం కావు. మన ఇంటికి కావలసిన 45 వాట్-గంటల్లో ఇది ఐదో వంతు కూడా ఇవ్వదు.

రెండో దారి, 12 వోల్టుల బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలించి, 230 వోల్టులు తయారుచేసి, ఉన్న బల్బునే వెలిగించడం. దీపాన్ని మార్చనక్కరలేదు కాబట్టి ఇది ఆకర్షణగా కనిపిస్తుంది. అయితే ఇక్కడ ఏం జరుగుతోంది? బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. బల్బు లోపలున్న డ్రైవర్ దాన్ని మళ్లీ ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది, ఎందుకంటే ఎల్ఈడీకి కావలసింది అదే. గోదావరి దాటడానికి పడవెక్కి, అవతలి ఒడ్డు చేరకుండానే వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కినట్టు. ప్రతి మార్పిడికీ సుంకం చెల్లించాలి. దీపం లేకుండా ఖాళీగా ఉన్నా ఈ చిన్న ఇన్వర్టర్ 5 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. 9 వాట్ల బల్బుతో కలిపి 14 వాట్లు. రాత్రికి 70, మూడు రాత్రులకు 210 వాట్-గంటలు. మన 45తో పోల్చండి.

ఇంట్లో ఇప్పటికే పెద్ద ఇన్వర్టర్, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నవారు "మాకీ గొడవ లేదు" అనుకోవచ్చు. 12 × 150 = 1,800 వాట్-గంటలు, నిజంగానే చాలా ఎక్కువ. కానీ ఆ ఇన్వర్టర్ ఖాళీగా 20 వాట్లు తీసుకునేదైతే, దాన్ని ఆపకుండా వదిలేస్తే మూడు రోజుల్లో, అంటే 72 గంటల్లో, ఏ దీపమూ వెలిగించకుండానే 1,440 వాట్-గంటలు తాగేస్తుంది. తుపాను రోజుల్లో పగలు ఇన్వర్టర్ స్విచ్ ఆపేయడం అన్నది పిసినారితనం కాదు.

మూడో దారి 230 వోల్టుల్ని దీపంలోంచి పూర్తిగా తీసేయడం. డిప్ప, కాడ, దిమ్మ, స్విచ్ ఉంచుకుని, బల్బు స్థానంలో 12 వోల్టుల మీద నేరుగా వెలిగే ఎల్ఈడీలు పెట్టడం. ఈ యూనిట్‌లో మనం చేసేది ఇదే.

మామూలు ఎల్ఈడీ బల్బుకే 12 వోల్టులు ఇస్తే వెలగదా అని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. వెలగదు. దానిలో చాలా ఎల్ఈడీలు శ్రేణిలో ఉంటాయి, వాటికి కలిపి పదుల వోల్టులు, కొన్నిటిలో వంద దాటి కావాలి. బల్బు విప్పి డ్రైవర్ తీసేసి చూద్దామనే ఉత్సాహం ఉన్నవారికి ఒక హెచ్చరిక. చౌక బల్బుల్లో డ్రైవర్‌కూ మెయిన్స్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ వంటి అడ్డు ఉండదు. విప్పిన బల్బును హోల్డరులో పెట్టి వేలితో తాకితే షాక్ కొడుతుంది.

8.4 స్ట్రిప్ లోపల ఓమ్ నియమం

బజారులో 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. దేవుడి గదిలో, పెళ్లి పందిట్లో, ఆటోల వెనక కనిపించేది ఇదే. మనకు కావలసినది తెల్లది, మీటరుకు 60 ఎల్ఈడీలు, 4.8 వాట్లు ఉన్న రకం. దీన్ని భూతద్దంతో చూస్తే ప్రతి 5 సెంటీమీటర్లకు మూడు ఎల్ఈడీలు, ఒక చిన్న నల్లని నిరోధం కనిపిస్తాయి. నిరోధం మీద 151 అని ఉంటుంది. 15 పక్కన ఒక సున్నా అని అర్థం, అంటే 150 ఓమ్‌లు. ఈ నాలుగూ శ్రేణిలో ఉన్నాయి. ఇలాంటి గుంపులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. అందుకే స్ట్రిప్‌ను ప్రతి 5 సెంటీమీటర్ల దగ్గర, కత్తెర గుర్తు ఉన్నచోట, కోయవచ్చు. మధ్యలో కోస్తే ఆ గుంపు పోతుంది.

తెల్ల ఎల్ఈడీ వెలిగేటప్పుడు దాని కొనల మధ్య సుమారు 3.1 వోల్టులు ఉంటాయి. మూడింటికి 9.3. బ్యాటరీ 12 వోల్టులిస్తే నిరోధం మీద మిగిలేది 2.7 వోల్టులు. ఓమ్ నియమం ప్రకారం విద్యుత్ ప్రవాహం 2.7 ÷ 150 = 0.018 ఆంపియర్, అంటే 18 మిల్లీ ఆంపియర్లు. మనం 60 సెంటీమీటర్ల స్ట్రిప్ తీసుకుంటే 12 గుంపులు. మొత్తం ప్రవాహం 12 × 18 = 216 మిల్లీ ఆంపియర్లు, శక్తి రేటు 12 × 0.216 = 2.6 వాట్లు.

ఇప్పుడు బ్యాటరీ వోల్టేజి మారితే ఏమవుతుందో చూడండి. ఇది పుస్తకంలో కంటే దీపంలో బాగా కనిపించే సంగతి. నిండా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టులిస్తే గుంపుకు 22 మిల్లీ ఆంపియర్లు, దీపానికి మొత్తం 3.3 వాట్లు. బ్యాటరీ 11.1 వోల్టులకు దిగితే గుంపుకు 12 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజి ఎనిమిదో వంతు తగ్గితే ప్రవాహం దాదాపు సగానికి పడిపోయింది. కారణం, ఎల్ఈడీలు తమ 9.3 వోల్టుల వాటా అటూఇటూగా ఉంచుకుంటాయి, తగ్గుదల అంతా నిరోధం భరిస్తుంది. నిజానికి ప్రవాహం తగ్గినప్పుడు ఎల్ఈడీ వోల్టేజి కూడా కొద్దిగా తగ్గుతుంది కాబట్టి దీపం మన లెక్కకంటే కొంచెం మెరుగ్గానే వెలుగుతుంది.

నిరోధంలో పోయేది వ్యర్థమే. 12 వోల్టుల దగ్గర 2.7 ÷ 12, అంటే నూటికి 22 వంతులకు పైగా వేడిగా పోతుంది. నిలకడ ప్రవాహం ఇచ్చే డ్రైవర్ పెడితే ఈ నష్టాన్ని తగ్గించవచ్చు. అయినా ఈ పనికి నిరోధమే మంచిదని మా అభిప్రాయం. డ్రైవర్ ఉన్న దీపం చివరిదాకా ఒకేలా వెలిగి హఠాత్తుగా ఆరిపోతుంది. అప్పటికి బ్యాటరీ పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, లెడ్-యాసిడ్ బ్యాటరీకి అది విషంతో సమానం. నిరోధం ఉన్న దీపం బ్యాటరీ తగ్గుతున్నకొద్దీ తానే మసకబారి, ఆపమని చెబుతుంది. పైగా మసకబారిన దీపం తక్కువ తీసుకుంటుంది కాబట్టి మిగిలిన శక్తి మరికాస్త సేపు వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1: చార్జరు తగిలించి ఉన్నప్పుడు బ్యాటరీ కొనల మధ్య 14.4 వోల్టులు ఉన్నాయి. అప్పుడు దీపం వేస్తే ఒక్కో గుంపులో ఎంత ప్రవాహం ఉంటుంది? దానివల్ల ఏం జరుగుతుంది?

8.5 ఏ బ్యాటరీ?

మన అవసరం 45 వాట్-గంటలు. మూత వేసిన 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీ కంప్యూటర్ యూపీఎస్‌లలో వాడేది. రాజమండ్రి, భీమవరం, అమలాపురం వంటి ఏ పట్టణంలోనైనా దొరుకుతుంది. దానిలో 12 × 7 = 84 వాట్-గంటలున్నాయి. 7 ఆంపియర్-గంటలు అన్న మాట 20 గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటిది, అంటే 0.35 ఆంపియర్ చొప్పున. మన దీపం అంతకన్నా తక్కువే తీసుకుంటుంది కాబట్టి ఆ మాట మనకు వర్తిస్తుంది.

కానీ 84 మొత్తం వాడకూడదు. ఈ బ్యాటరీని ప్రతిసారీ సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గిపోతుంది. సగం అంటే 42. మనకు కావలసినది 45. సరిపోదు. ఇక్కడ పుస్తకం లెక్క ప్రకారం పెద్ద బ్యాటరీ కొనమనాలి. అయితే సగం అనే కట్టుబాటు రోజూ ఖాళీ చేసి నింపే బ్యాటరీ కోసం. ఏడాదికి రెండు మూడు సార్లు తుపానుకు వాడే బ్యాటరీని ఆ కొద్ది రోజులు 54 శాతం వాడినా కొంప మునగదు. రోజూ రాత్రి చదువుకు కూడా ఈ దీపాన్నే వాడాలనుకునేవారు మాత్రం 9 ఆంపియర్-గంటలది తీసుకోవడం మేలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 12.8 వోల్టులు, 6 ఆంపియర్-గంటలదైతే 76.8 వాట్-గంటలు. అందులో 80 శాతం, అంటే 61 వాట్-గంటలు, నిశ్చింతగా వాడవచ్చు. బరువు తక్కువ, ఆయుష్షు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. కొనేటప్పుడు లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, అందులోని ఘటాలను అతికించి బ్యాటరీ తయారుచేసుకునే అలవాటు కొందరికి ఉంది. ఈ కోర్సు స్థాయిలో ఆ పని చేయవద్దు. ఏ ఘటం ఎంత అరిగిందో తెలియకుండా శ్రేణిలో కలిపితే, చార్జి చేసేటప్పుడు ఒకటి 4.2 వోల్టులు దాటుతుంది, అది అంటుకుంటే ఆర్పడం కష్టం.

పవర్ బ్యాంకు ఇప్పటికే ఉన్నవారికి ఇంకో సంగతి. 10,000 మిల్లీ ఆంపియర్-గంటలు అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది లోపలి 3.7 వోల్టుల దగ్గరి లెక్క. చిన్న అక్షరాల్లో 5 వోల్టుల దగ్గర 5,800 అని ఉంటే, వాస్తవంగా మీకు అందేది 5 × 5.8 = 29 వాట్-గంటలు. 3 వాట్ల యూఎస్‌బీ దీపానికి అది సుమారు 9 గంటలు. అంటే రెండో రాత్రి ముగిసేలోపే అయిపోతుంది.

8.6 మార్చే పద్ధతి

ముందుగా దీపం ప్లగ్గు సాకెట్టు నుంచి తీయండి. బల్బు తీయండి. ఆ తర్వాత ప్లగ్గును తీగతో సహా కోసి పారేయండి. ఈ పనిని చివరికి వాయిదా వేయవద్దు. దీపం పైకి పాత దీపంలాగే ఉంటుంది. ప్లగ్గు ఉంటే ఇంట్లో ఎవరో ఒకరు, ఏదో ఒక రోజు, అలవాటు కొద్దీ గోడ సాకెట్టులో పెడతారు. 12 వోల్టుల స్ట్రిప్ మీద, దాని వెనకున్న బ్యాటరీ మీద 230 వోల్టులు పడతాయి. ఈ మార్పిడిలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఇదే. ప్లగ్గు ఉన్న చోట 5.5 మిల్లీమీటర్ల గుండ్రని డీసీ పిన్ను పెట్టండి, అది గోడ సాకెట్టులో దూరదు. దిమ్మ మీద "12 వోల్టుల డీసీ మాత్రమే" అని తెలుగులోనే రాసి అంటించండి. ఇదే కారణం వల్ల, హోల్డరులో బిగించే 12 వోల్టుల బల్బులు దొరికినా వాటికంటే స్ట్రిప్‌నే ఎంచుకున్నాం. హోల్డరు ఉంటే ఆ బల్బు ఒక రోజు 230 వోల్టుల హోల్డరులోకి వెళ్తుంది.

60 సెంటీమీటర్ల స్ట్రిప్‌ను 15 సెంటీమీటర్ల ముక్కలు నాలుగుగా కోయండి. ఒక్కో ముక్కలో మూడు గుంపులుంటాయి. డిప్ప లోపలి మసి, తుప్పు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, ఆరబెట్టి, నాలుగు ముక్కలూ పక్కపక్కన అంటించండి. ఇనుప డిప్ప ఎల్ఈడీల వేడిని తీసుకుపోతుంది కాబట్టి ప్లాస్టిక్ డిప్ప కంటే ఇది మేలు. నాలుగు ముక్కల ధన కొనలన్నీ ఒకదానికి, రుణ కొనలన్నీ ఒకదానికి కలపండి. ఇది సమాంతర సంధానం. టంకం వేసిన ప్రతిచోటా ఇన్సులేషన్ గొట్టం తొడగండి. ఇనుప డిప్పకు తీగ తగిలితే షార్ట్ అవుతుంది.

పాత స్విచ్‌ను ఉంచుకోవచ్చు. 230 వోల్టుల దగ్గర ఆంపియర్లను తట్టుకునే స్విచ్‌కు 12 వోల్టుల పావు ఆంపియర్ ఒక లెక్క కాదు.

ఫ్యూజు గురించి కాస్త నిలిచి మాట్లాడుకోవాలి. దీపం పావు ఆంపియర్ తీసుకుంటుంది, అంత చిన్న ప్రవాహానికి ఫ్యూజు ఎందుకు అని అనిపిస్తుంది. ఫ్యూజు దీపం కోసం కాదు, తీగ కోసం. ఈ చిన్న బ్యాటరీ కొనల్ని నేరుగా కలిపితే వంద ఆంపియర్లకు పైగా పారగలదు. సన్న తీగ క్షణాల్లో ఎర్రగా కాలి, పైనున్న ప్లాస్టిక్‌ను అంటిస్తుంది. 12 వోల్టులు షాక్ కొట్టవు, కానీ ఇల్లు కాల్చగలవు. కాబట్టి బ్యాటరీ ధన కొన నుంచి జానెడు దూరం లోపే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ లేదు, అందుకే అది పొట్టిగా ఉండాలి.

బ్యాటరీ రెండు కిలోలకు పైగా బరువుంటుంది. దాన్ని దిమ్మ కింద చెక్కపెట్టెలో పెడితే దీపం గాలికి పడకుండా నిలుస్తుంది. పెట్టెకు పైభాగంలో రెండు మూడు రంధ్రాలు పెట్టండి. ఎక్కువగా చార్జి అయినప్పుడు ఈ బ్యాటరీ నుంచి కొద్దిగా హైడ్రోజన్ వెలువడవచ్చు, అది లోపల నిలవకూడదు.

అన్నీ కలిపాక, బ్యాటరీ తగిలించే ముందు, స్విచ్ వేసి మల్టీమీటరుతో రెండు తీగల మధ్య నిరోధం చూడండి. సున్నాకు దగ్గరగా చూపితే ఎక్కడో షార్ట్ ఉంది. బ్యాటరీ తగిలించి స్విచ్ వేసి ప్రవాహం కొలవండి. 0.2 నుంచి 0.28 ఆంపియర్ల మధ్య ఉండాలి. అందులో నాలుగో వంతు తక్కువైతే ఒక ముక్క టంకం ఊడిందని అర్థం. అసలు వెలగకపోతే ధన, రుణ కొనలు తారుమారై ఉంటాయి. సరిచేస్తే చాలు, స్ట్రిప్ పాడవదు.

8.7 చార్జింగు, కాపాడుకోవడం

లెడ్-యాసిడ్ బ్యాటరీకి తగిన 12 వోల్టుల చార్జరే వాడాలి. అది మొదట 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి, నిండాక 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య నిలుపుతుంది. 7 ఆంపియర్-గంటల బ్యాటరీకి 0.7 ఆంపియర్ దగ్గర చార్జి చేయడం సౌమ్యమైన పద్ధతి. లిథియం బ్యాటరీకి దాని చార్జరే. ఒకదానిది మరొకదానికి పెట్టవద్దు.

మిగిలిన చార్జి ఎంతో తెలుసుకోవడానికి దీపం ఆపి ఒక గంట ఆగి వోల్టేజి చూడండి. 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉంది, 12.2 అయితే సగం, 11.8కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. దీపం వెలుగుతుండగా 10.5కి దిగనివ్వకండి. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత చార్జి ఎక్కదు. తుపాను వెళ్లి కరెంటు వచ్చిన రోజు ఇంట్లో వంద పనులుంటాయి, వాటిలో ఇది ఒకటిగా పెట్టుకోండి.

వేడి ఈ బ్యాటరీకి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క. రేకుల కప్పు కింద అటక మీద కాకుండా గదిలో నేల దగ్గర, నీడలో ఉంచండి. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి రాగిని, ఇత్తడిని పచ్చగా తినేస్తుంది. బ్యాటరీ కొనల మీద, పిన్ను మీద పలచగా వాజలిన్ రాస్తే తేమ చేరదు. సెప్టెంబరు చివర, తుపాన్ల కాలం మొదలుకాక ముందు, ఒక రాత్రి దీపాన్ని బ్యాటరీ మీద 5 గంటలు వెలిగించి, మొదట్లోనూ చివరిలోనూ వోల్టేజి, ప్రవాహం రాసుకోండి. ఏడాదికేడాది ఆ అంకెలు పోల్చి చూస్తే బ్యాటరీ ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. మార్చినప్పుడు పాతదాన్ని కాలువలోనో చెరువు గట్టునో పడేయకండి, సీసం నీళ్లలోకి దిగుతుంది. కొత్తది కొన్న దుకాణంలోనే ఇవ్వండి, పాత బ్యాటరీకి కొంత ధర కూడా తగ్గిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2: ఒక ఇంట్లో ఇదే దీపంతోపాటు వంటగదిలో 30 సెంటీమీటర్ల స్ట్రిప్‌తో రెండో దీపం పెట్టారు. అది రాత్రికి 2 గంటలు వెలుగుతుంది. మూడు రాత్రులకు 7 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీ చాలుతుందా?

జవాబులు

1. (14.4 - 9.3) ÷ 150 = 0.034, అంటే 34 మిల్లీ ఆంపియర్లు. 12 వోల్టుల దగ్గరి 18తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఎల్ఈడీలు వేడెక్కి త్వరగా పాడవుతాయి. చార్జరు తగిలించి ఉన్నప్పుడు దీపం వేయకూడదు.

2. 60 సెంటీమీటర్లకు 3 వాట్లయితే 30 సెంటీమీటర్లకు 1.5 వాట్లు. 1.5 × 2 × 3 = 9 వాట్-గంటలు. మొత్తం 45 + 9 = 54. ఇది 84లో 64 శాతం. ఏడాదికి ఒకటి రెండుసార్లయితే గడుస్తుంది. తరచుగా వాడేటట్టయితే 9 ఆంపియర్-గంటల బ్యాటరీ తీసుకోవాలి, దానిలో 108 వాట్-గంటలకు 54 సరిగ్గా సగం.